రేమోఁ సొమ్మెర్: లె మాన్ విజేతా, లె మాన్‌లో ఆగిపోయిన డ్రైవరా?

ఇరుసు

ఫ్రాన్సులో జరిగే లె మాన్ 24 గంటల కారు పందెం తొలి రోజుల గురించి ఈ వేదికలో మాట్లాడుకొన్నప్పుడల్లా బెంట్లీ జట్టు ప్రస్తావనే ఎక్కువగా వస్తుంది. ఫ్రెంచి డ్రైవర్లలో 1923లో మొదటి పోటీ గెలిచిన ఆంద్రే లగాష్, రెనే లియోనార్‌ల పేర్లు ఒక వాక్యంలో వచ్చి పోతాయి. 1932, 1933 సంవత్సరాల్లో వరుసగా గెలిచిన రేమోఁ సొమ్మెర్‌కు మాత్రం ఇంతవరకు ప్రత్యేకమైన చర్చ లేదు కనుక ఇది మొదలుపెడుతున్నాను.

ఆయన 1906 ఆగస్టు 31న పుట్టారు. కుటుంబానికి ఈశాన్య ఫ్రాన్సులోని ఆర్డెన్ ప్రాంతంలో, మూజోఁ పట్టణంలో, ఉన్నిని అదిమి ఫెల్ట్ తయారుచేసే కర్మాగారం ఉండేది. డబ్బుకు లోటు లేని ఇల్లు కావడంతో తొలి పోటీల్లోనే సొంత కారుతో దిగగలిగారు. తరవాతి రెండు దశాబ్దాల్లో ఎన్నోసార్లు ఏ కంపెనీ జట్టుకూ కట్టుబడకుండా సొంత ఖర్చుతో పోటీ చేశారు. గెలిచే అవకాశం లేని కారులో కూర్చున్నా వెనక్కి తగ్గని స్వభావం వల్ల ఫ్రెంచి అభిమానులు ఆయనను సింహహృదయుడని పిలిచేవారు.

నా సందేహం ఆ స్వభావం గురించే. లె మాన్‌లో గెలిచిన రెండేళ్ళను పక్కన పెడితే 1934, 1935, 1937, 1938, 1939, 1950 పోటీల్లో ఆయన కారు ఒక్కసారి కూడా చివరి గంట చూడలేదు. అంటే దిగితే గెలుపు, లేకపోతే దారిలో ఆగిపోవడం. రెండో స్థానం, అయిదో స్థానం వంటివి ఆయన ఖాతాలో కనిపించవు. దీర్ఘదూర పోటీకి మొదటి అర్హత కారును ఇంటికి చేర్చడమే అయితే ఈయనను మంచి దీర్ఘదూర డ్రైవర్ల కోవలో చేర్చవచ్చునా, లేక వేగమే తప్ప మరేమీ పట్టని మనిషి రెండుసార్లు అదృష్టవశాత్తు గట్టెక్కారని అనుకోవాలా?

కందెన

ఇరుసు గారు, 1932 పోటీని వివరంగా చూస్తే అదృష్టం అనే మాట నిలబడదు.

ఆ ఏడు లె మాన్‌లో దారే మారింది. అంతకు ముందు కార్లు ఊరి శివారు పోఁల్యూ దాకా వెళ్ళి ఇళ్ళ మధ్య మలుపు తిరిగి వచ్చేవి. నిర్వాహకులు ఆ భాగాన్ని వదిలేసి, పిట్‌లు (పెట్రోలు, మరమ్మతుల కోసం కార్లు ఆగే చోటు) దాటగానే తెర్త్ర్ రూజ్ మలుపు వైపు కొత్త దారి వేయించారు. దాంతో ఒక్కో చుట్టు 13.492 కిలోమీటర్లకు తగ్గింది, వేగం పెరిగింది. సొమ్మెర్ తెచ్చినది తన సొంత ఆల్ఫా రోమియో 8సీ 2300. విత్తోరియో యానో రూపొందించిన ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు, లోపలికి గాలిని ఒత్తి పంపి బలం పెంచే సూపర్‌చార్జర్ ఉంది. నిబంధనల ప్రకారం నాలుగు సీట్లు ఉండాలి కనుక పొడవాటి ఛాసీ మీద కట్టిన కారు అది. వంతులవారీగా నడపవలసిన జతగాడు లుయీజీ కినెత్తి. పారిస్‌లో ఆల్ఫా కార్ల వ్యవహారం చూసే ఇటలీ మెకానిక్, తరవాతి కాలంలో ఫెరారీని అమెరికాకు తీసుకెళ్ళిన మనిషి.

కినెత్తి ఆరోగ్యం బాగాలేక మూడు గంటలకు మించి నడపలేకపోయారు. మిగిలిన ఇరవై గంటలకు పైగా స్టీరింగు సొమ్మెర్ చేతిలోనే ఉంది. 26 కార్లు బయలుదేరితే చివరికి మిగిలినవి 9. కంపెనీ తరఫున వచ్చిన కోర్తేజే, గిదోత్తిల ఆల్ఫా రెండో స్థానంలో నిలిచింది. సొమ్మెర్ కారు 218 చుట్లు పూర్తిచేసి, మొత్తం 2,954 కిలోమీటర్లు, గంటకు సగటున 123 కిలోమీటర్ల వేగంతో గెలిచింది.

ఇక్కడ కిలోమీటర్ల కన్నా ఆ కారును నడపడంలోని శ్రమ ముఖ్యం. గేరు మార్చిన ప్రతిసారీ ఇంజను వేగాన్ని కాలితో, చెవితో సరిచూసుకోవాలి, లేకపోతే గేరు పళ్ళు ఒరుసుకొంటాయి. బ్రేకులన్నీ తొక్కిన బలం మీదే పనిచేస్తాయి. రాత్రంతా పైకప్పు లేని కారులో గాలికి ఎదురుగా కూర్చోవాలి. ఇరవై గంటల తరవాత కూడా గేర్‌బాక్సు, క్లచ్చి బాగానే ఉన్నాయంటే ఆ చేతుల్లో దూకుడుతో పాటు పొదుపు కూడా ఉండి ఉండాలి.

స్టీరింగ్

కందెన గారి లెక్కలతో పేచీ లేదు, తీర్పుతోనే పేచీ. 1932లో బలమైన ఆల్ఫాలు కొన్ని ప్రమాదాలతోనూ లోపాలతోనూ తప్పుకొన్నాకే సొమ్మెర్‌కు దారి తెరుచుకొంది. 1933లో పక్కన ఉన్నది ఆనాటి ఇటలీ మేటి డ్రైవరు తాజియో నువోలారి. ఆ మనిషి జతగా ఉంటే ఎవరి పేరైనా విజేతల పట్టికలో చేరేది. చివరి చుట్టులో కారు నడిపినదీ నువోలారే. ఒక గెలుపు ఎదుటివారి వైఫల్యం మీద, ఇంకొకటి జతగాడి ప్రతిభ మీద నిలబడినప్పుడు, మిగిలిన అన్ని ఏళ్ళ ఫలితాలే ఆ డ్రైవరు అసలు స్వభావాన్ని చూపుతాయని నా అభిప్రాయం.

పాతపేపర్లు

1933 గురించి స్టీరింగ్ గారు చెప్పినదానిలో సగమే ఉంది.

ఆ పోటీలో అందరికన్నా వేగవంతమైన చుట్టు నువోలారిది కాదు, సొమ్మెర్‌ది: 5 నిమిషాల 31.4 సెకన్లు, అంటే గంటకు 146 కిలోమీటర్లకు పైగా. చివరి గంటల్లో పెట్రోలు ట్యాంకు కారడం మొదలై, కారు మాటిమాటికీ పిట్‌లో ఆగాల్సి వచ్చింది కనుకనే ముందంజ కరిగిపోయి పోటీ చివరి చుట్టు దాకా సాగింది. కన్నం మూయడానికి చూయింగ్ గమ్ వాడారన్న కథ చాలాచోట్ల కనిపిస్తుంది. అలాంటి కథలు చెప్పినకొద్దీ పెరుగుతాయి కాబట్టి దానికి ఎంత విలువ ఇవ్వాలో చదివేవారే తేల్చుకోవాలి.

చివరి చుట్టులో నువోలారిని తరిమినది మరెవరో కాదు, ముందటేడు సొమ్మెర్ జతగాడు కినెత్తియే. ఈసారి ఆయన ఫిలిప్ వారాఁతో కలిసి ఇంకో ఆల్ఫాలో వచ్చారు. ఒకే చుట్టులో ఆధిక్యం చేతులు మారుతూ వచ్చి, చివరికి 24 గంటల పోటీ సుమారు పది సెకన్ల తేడాతో తేలింది. విజేతలు నడిచిన దూరం 3,144 కిలోమీటర్లు. లె మాన్‌లో 3,000 కిలోమీటర్ల హద్దును 1931లో హౌ, బిర్కిన్‌ల ఆల్ఫా దాటింది. అయినా ఈ దూరం దాని కన్నా వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువ.

నువోలారి లేకపోతే సొమ్మెర్ గెలిచేవారు కారనుకొందాం. సొమ్మెర్ నడిపిన గంటలు లేకుండా నువోలారి మాత్రం ఎలా గెలిచేవారు? జంటగా నడిపే పోటీలో చివరి చుట్టు మనిషికే మొత్తం ఘనత కట్టబెట్టడం సరికాదు. పైగా నువోలారి ముందు సొమ్మెర్ చిన్నబోయే డ్రైవరేమీ కాదు. 1932 సెప్టెంబరులో మార్సేయ్ గ్రాండ్ ప్రీలో ఆ నువోలారినే వెనక్కి నెట్టి గెలిచారు.

నదీతీరం

దీనికి ముందు తరం నేపథ్యం ఒకటి ఉంది. సొమ్మెర్ తండ్రి రోజే సొమ్మెర్ తొలి తరం విమాన చోదకుడు. విల్బర్ రైట్ 1908 డిసెంబరు 31న లె మాన్ పక్కనే ఉన్న ఓవూర్ సైనిక మైదానంలో 2 గంటల 20 నిమిషాలు ఎగిరి, గాలిలో ఎక్కువసేపు నిలిచిన రికార్డు నెలకొల్పారు. దాన్ని 1909 ఆగస్టు 7న మూర్‌మెలోఁలో 2 గంటల 27 నిమిషాల ప్రయాణంతో దాటినది రోజే సొమ్మెర్. అదే నెలాఖరులో రైమ్స్‌లో జరిగిన విమానోత్సవంలో ఆ రికార్డూ పోయిందనుకోండి. ఎంత వేగంగా వెళ్ళామన్నదాని కన్నా ఎంతసేపు నిలిచామన్నదే గొప్ప అని లెక్కించిన ఇంట్లో పెరిగిన కొడుకును కేవలం వేగం మనిషి అనడానికి నాకు మనసొప్పడం లేదు.

స్టీరింగ్

తండ్రి రికార్డు చక్కని విషయమే, కాని కొడుకు కార్లు ఆగిపోవడానికి అది సంజాయిషీ కాదు.

గ్యారేజీగది

సంజాయిషీ కోసం కాకుండా కారణాల కోసం ఏడాది ఏడాదీ చూద్దాం. యంత్రం ఎందుకు ఆగిందో తెలియకుండా డ్రైవరును తప్పుపట్టడం మెకానిక్ ధర్మం కాదు.

1934లో కారుకు నిప్పంటుకొంది, పోటీ ఇంకా తొలి దశలోనే ఉంది. 1935లో సొమ్మెర్‌కు మళ్ళీ 1932 పరిస్థితే ఎదురైంది. జతగాడు అస్వస్థుడు కావడంతో ఒంటరిగా నడుపుతూ ముందంజలో ఉన్నారు, కాని ఇంజనుకు పెట్రోలు అందక ఆగిపోయారు. ఆ ఏడు గెలుపు లగోండాలో వచ్చిన హైండ్‌మార్ష్, ఫోంటెస్‌లకు దక్కింది. 1936లో ఫ్రాన్సు అంతటా సమ్మెలు జరగడంతో లె మాన్ పోటీయే రద్దయింది. 1937లో ఇంజను పోటీ మొదట్లోనే చేతులెత్తేసింది. వీటిలో నిప్పు, పెట్రోలు సరఫరా డ్రైవరు పాదంతో ముడిపడిన లోపాలు కావు. ఇంజను విషయంలో స్టీరింగ్ గారికి ఎంతో కొంత వాదన ఉందని ఒప్పుకోవచ్చు.

అసలు చర్చించవలసినది 1938 పోటీ. ఆల్ఫా రోమియో ఆ ఏడు 8సీ 2900బీ మీద గాలిని చీల్చేలా మలిచిన మూసి ఉన్న కూపే బాడీ కట్టించి పంపింది. మిలానులోని టూరింగ్ సంస్థ చేసిన బాడీ అది. డ్రైవర్లు సొమ్మెర్, క్లెమెంతె బియోండెత్తి. మిగిలిన కార్లకు అందనంత వేగం. సొమ్మెర్ 5 నిమిషాల 13.8 సెకన్లలో చుట్టు పూర్తిచేశారు, గంటకు దాదాపు 155 కిలోమీటర్లు. ఆదివారం నాటికి రెండో కారు మీద పది చుట్లకు పైగా ఆధిక్యం, అంటే వంద కిలోమీటర్లు దాటిన ఎడం. అప్పుడు మ్యుల్సాన్ తిన్నని దారిలో పూర్తి వేగంలో టైరు పేలింది. సొమ్మెర్ కారును బోల్తా పడకుండా పట్టి ఆపి, దెబ్బతిన్న మడ్‌గార్డుతో పిట్‌కు చేర్చారు. మరమ్మతు చేసి మళ్ళీ పంపినా, తరవాత వాల్వు విరిగి కారు ఆగిపోయింది. షబో, త్రెమూలెలు నడిపిన దెలాయే కారు గెలిచింది.

ఆగిపోయేనాటికి ఆ ఆల్ఫా పూర్తిచేసినవి 219 చుట్లు. కందెన గారు పైన చెప్పిన 1932 గెలుపు మొత్తం 218 చుట్లు, అదే కొలత గల దారి మీద. ఆరేళ్ళ క్రితం 24 గంటల్లో గెలిపించిన దూరం కన్నా ఎక్కువే నడిచిన కారు, ఇంకా గంటల సమయం ఉండగానే, ఓడిన కారుగా పట్టికలో చేరింది. పట్టికలోని 'పూర్తిచేయలేదు' అన్న మాట వెనక ఇంత దూరం దాగి ఉంటుంది.

స్టీరింగ్

గ్యారేజీగది గారి పోలిక ఆసక్తికరమే, అయినా అది నా వైపే మొగ్గుతుంది. పది చుట్ల ఆధిక్యం ఉన్నవాడు వేగం ఎందుకు తగ్గించుకోలేదు? దెలాయే డ్రైవర్లు తమ కారు బలం ఎంతో తెలిసి, దానికి తగ్గట్టు నడిపి, 235 చుట్లతో గెలిచారు. అవసరం లేని వేగానికి వాల్వు విరిగితే దాన్ని యంత్రలోపం ఖాతాలో వేయడం అన్యాయం. దీర్ఘదూర పోటీలో తెలివి అంటే ఎప్పుడు నెమ్మదించాలో తెలియడమే.

గ్యారేజీగది

ఆ ఆధిక్యం ఎక్కువ వేగంతో వచ్చిందా, ఆ కారుకు మామూలు వేగంతోనే వచ్చిందా అన్నది చూడాలి. 2.9 లీటర్ల సూపర్‌చార్జర్ ఇంజను, దానికి తోడు గాలికి అడ్డుపడని బాడీ. తేలిగ్గా నడిపినా దెలాయేల కన్నా ఆ కారు ముందుండేదే. టైరు పేలడానికి కారణం తిన్నని దారిలో గంటల తరబడి అంత వేగాన్ని ఆనాటి రబ్బరు మోయాల్సి రావడం. ఆ టైర్లను తయారుచేసిన కాలానికీ కారును తయారుచేసిన కాలానికీ మధ్య ఎడం ఏర్పడింది. జట్టు కట్టడి చేసి ఉండవలసిందని అంటే ఒప్పుకొంటాను. డ్రైవరు ఒక్కడిదే తప్పంటే ఒప్పుకోను.

కందెన

మనమంతా లె మాన్‌నే తూకపురాయిగా పెట్టుకొని మాట్లాడుతున్నాం. లె మాన్ రద్దయిన 1936లోనే ఆయన రెండు పెద్ద దూరపు పోటీలు గెలిచారు. జూన్‌లో మోఁలేరి ట్రాక్ మీద ఫ్రెంచి గ్రాండ్ ప్రీ జరిగింది. జర్మన్ జట్లకు ఎదురు నిలవలేమని గ్రహించిన నిర్వాహకులు ఆ ఏడు దాన్ని స్పోర్ట్స్ కార్లకు పరిమితం చేశారు. వెయ్యి కిలోమీటర్ల ఆ పోటీలో జాఁ-పియేర్ విమిల్‌తో కలిసి బుగాట్టి 57జీలో సొమ్మెర్ గెలిచారు. జూలైలో బెల్జియంలోని స్పా 24 గంటల పోటీలో ఫ్రాంచెస్కో సెవేరితో కలిసి ఆల్ఫా 8సీ 2900ఏలో గెలిచారు. స్పా దారి ఎత్తుపల్లాలతో, అడవి మధ్య, ఒక మూల ఎండ కాస్తుంటే ఇంకో మూల వాన పడే దారి. అక్కడ 24 గంటలు కారును కాపాడటం లె మాన్ కన్నా తేలికేమీ కాదు.

అంటే 24 గంటల పోటీల్లో మూడు గెలుపులు, వెయ్యి కిలోమీటర్ల పోటీలో ఒకటి. నాలుగింటిలో నలుగురు వేరువేరు జతగాళ్ళు, రెండు వేరువేరు కంపెనీల కార్లు. నువోలారి పుణ్యమనీ, ఎదుటివారి దురదృష్టమనీ ఎన్నిసార్లు చెప్పగలం?

కొత్తసభ్యుడు

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీని ఫ్రెంచి డ్రైవరు జాఁ-ఎరిక్ వెర్న్ గెలవడం చూశాక ఈ వేదికలో చేరాను. పాత చరిత్ర నాకు కొత్త. ఒక మనిషి దాదాపు ఒంటరిగా 24 గంటలు నడపడాన్ని అప్పట్లో అనుమతించేవారా? ఇలా నడిపినవారు ఇంకెవరైనా ఉన్నారా?

పాతపేపర్లు

అనుమతించేవారు. దీనికి 1950ల మొదట్లో రెండు ప్రసిద్ధమైన ఉదాహరణలున్నాయి, ఇద్దరూ ఫ్రెంచివారే, ఇద్దరూ టాల్బో కార్లలోనే.

1950లో లూయీ రోజియే తన కొడుకు జాఁ-లూయీతో కలిసి పేరు నమోదు చేసుకొన్నా, కొడుకు నడిపినది రెండు చుట్లే. మధ్యలో ఇంజను రాకర్ విరిగితే రోజియే పిట్‌లో తానే దాన్ని మార్చి, మళ్ళీ దారిలోకి వచ్చి గెలిచారు. 1952లో పియేర్ లవేగ్ ఇంకా మొండిగా జతగాడు రెనే మర్షాఁకు స్టీరింగు ఇవ్వకుండా ఒక్కరే నడిపారు. చివరి గంట దాకా ముందంజలోనే ఉన్నారు, అప్పుడు ఇంజను విరిగింది. గెలుపు మెర్సిడెస్‌కు దక్కింది. ఆ తరవాత ఒక్క డ్రైవరే కూర్చోవడం మీద కట్టుబాట్లు వచ్చాయి.

ఈ ముగ్గురిలో సొమ్మెర్ పరిస్థితి వేరు. లవేగ్ తన నిర్ణయంతో ఒంటరి అయ్యారు. రోజియే విషయంలో కొడుకు అందుబాటులోనే ఉన్నారు. 1932లోనూ 1935లోనూ సొమ్మెర్‌కు పక్కన నడపగలిగిన ఆరోగ్యవంతుడే లేడు. కారు అప్పగించడమా, నడపడమా అన్న ఎంపిక అక్కడ లేదు. నడపడమా, పోటీ వదిలేయడమా అన్నదే ఉంది. అందుకే లవేగ్ లాంటి మొండితనాన్ని ఆయనకు అంటగట్టేటప్పుడు నేను కొంచెం ఆగుతాను.

ఇరుసు

యుద్ధం తరవాతి సంవత్సరాలను కూడా చేర్చకపోతే చర్చ కుంటుతుంది. 1945 సెప్టెంబరు 9న పారిస్‌లోని బ్వా ద బులోఞ్‌లో, యుద్ధం ముగిశాక జరిగిన తొలి పోటీల్లో, ప్రధాన పందెంలో విమిల్ వెనకే రెండో స్థానం ఆయనది. 1946 జూన్‌లో సాఁ-క్లూలో విమిల్, ఫరీనా నడిపిన ఆల్ఫా 158లు రెండూ ఆగిపోతే సొమ్మెర్ తన మసెరాటీతో గెలిచారు. యుద్ధం తరవాతి తొలి అయిదారేళ్ళలో ఆ ఆల్ఫాలు ఓడినది చాలా అరుదు. 1947 అక్టోబరులో ట్యూరిన్‌లోని వలెంతీనో పార్కులో ఫెరారీ 159తో గెలిచారు. కొత్తగా మొదలైన ఫెరారీ సంస్థకు అది ఎంతో విలువైన గెలుపు.

దీనికి ఎదురుగా రెండు చేదు ఘట్టాలున్నాయి. ఫ్రెంచి ప్రభుత్వ అండతో తయారైన సీటీఏ-ఆర్సెనాల్ కారును 1947 సెప్టెంబరులో లియోఁలో ఫ్రెంచి గ్రాండ్ ప్రీకి తెచ్చి ఆయన చేతికిచ్చారు. జెండా ఊపగానే ఇంజను బలాన్ని చక్రాలకు చేర్చే వ్యవస్థ విరిగింది. మూడేళ్ళ తరవాత ఇంగ్లండు ఆశలన్నీ పెట్టుకొన్న బీఆర్ఎం కారును 1950 ఆగస్టు 26న సిల్వర్‌స్టోన్‌లో ఆయనే తొలిసారి పందెం గీత మీదికి తెచ్చారు. అక్కడా అదే జరిగింది, కారు గీత దాటి పోటీలోకి వెళ్ళనే లేదు. రెండు దేశాల ప్రతిష్ఠాత్మక యంత్రాలు రెండూ ఒకే మనిషి కింద, ఒకే తీరున, ఒక్క చుట్టు కూడా తిరగకుండా పోయాయి. వాటిని ఆయన పాదం మీదికి నెట్టడం ఎవరికీ సాధ్యం కాదనుకొంటాను.

కొత్తసభ్యుడు

సిద్ధం కాని కార్లలో కూర్చోవడానికి ఆయన ఎందుకు ఒప్పుకొన్నారు?

ఇరుసు

ఎవరూ ఒప్పుకోని కారును నడపడం ఆయనకు అలవాటు. 1950లో లెక్కపెట్టండి: మేలో మొనాకోలో ఫెరారీతో నాలుగో స్థానం, జూన్‌లో బెల్జియంలో సొంత టాల్బోతో, ఆల్ఫాలు పెట్రోలు కోసం ఆగినప్పుడు ముందంజ, తరవాత ఇంజను వైఫల్యం, ఆ వెంటనే లె మాన్‌లో ఫెరారీ, ఆగస్టులో బీఆర్ఎం, సెప్టెంబరు మొదట్లో ఇటలీలోని మోంజా పోటీ. ఆ మరుసటి వారమే, సెప్టెంబరు 10న, తులూజ్ దగ్గరి కదూర్ అనే చిన్న ఊరి పోటీలో 1,100 సీసీ చిన్న కూపర్ కారులో దిగారు. ఆ కారు బోల్తా పడి 44 ఏళ్ళ వయసులో మరణించారు. కదూర్‌లో ఆయనకు దక్కేదేమీ లేదు. పోటీ ఉంది కనుక వెళ్ళారు.

స్టీరింగ్

స్పా గెలుపు, సాఁ-క్లూ గెలుపు విన్నాక అదృష్టం అన్న మాటను నేను పట్టుకొని వేలాడను. కాని 1938 మీద నా మాట మారదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక్కో చుట్టుకు పది పదిహేను సెకన్లు తగ్గించి నడిపి ఉంటే ఆయన పేరిట మూడో లె మాన్ గెలుపు ఉండేదని నేను నమ్ముతున్నాను. 1932లో ఒంటరిగా ఉన్నప్పుడు చూపిన పొదుపు, గొప్ప కారూ కంపెనీ జట్టూ అండగా ఉన్నప్పుడు ఎందుకు కనిపించలేదన్నది ఈ మనిషి విషయంలో నాకు తేలని ప్రశ్న.

గ్యారేజీగది

సొంత కారు విరిగితే బిల్లు తానే కట్టాలి, కంపెనీ కారుకు కంపెనీ కడుతుంది. దీన్ని పూర్తిగా తమాషాగా తీసుకోకండి.

పాతపేపర్లు

ఇరుసు గారు మొదట్లో లగాష్, లియోనార్‌లను ఒక వాక్యంలో వదిలేస్తున్నామన్నారు. వారిద్దరూ 1923లో షెనార్-వాకేర్ కారులో, వానలో, 128 చుట్లూ 2,209 కిలోమీటర్లూ నడిచి గెలిచారు. 1925లో అదే జంట స్పా 24 గంటల పోటీ కూడా గెలిచింది. కారు తయారుచేసే కంపెనీలోనే ఇంజనీర్లుగా పనిచేస్తూ పోటీ చేసినవారికీ, సొమ్మెర్ లాగా సొంత డబ్బుతో వచ్చినవారికీ మధ్య కారును వాడే తీరులో తేడా ఉందా అన్నది గ్యారేజీగది గారి మాటతో పరీక్షించదగిన విషయం. దానికి వేరే చర్చ తెరుస్తాను. షెనార్-వాకేర్ బ్రేకుల గురించి తెలిసినవారు అక్కడ రాయండి.